అక్క పంటిలో సీసం గీత: ఏలూరు నుంచి గూడెం, గూడెం నుంచి కొల్లేరు

ఈ ప్రయాణం ఒక పన్నుతో మొదలైంది. మా అక్క నాగమణి కింది దవడ పన్ను అది. పుచ్చిపోయిందని నిరుడు ఏలూరులో పీకించుకుంటే, పళ్ళ డాక్టరు గారిని అడిగి అగ్గిపెట్టెలో వేసుకుని తెచ్చుకున్నాను. "చెత్తబుట్టలో పడేసేదాన్ని దాచుకుంటావేంట్రా, పిచ్చా?" అంది అక్క. పిచ్చి కాదు. అంతకు కొన్నాళ్ళ ముందే ఆమెకు ఆరో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే సీసం ఎక్కువగా ఉందని వచ్చింది. "ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపండి. ఆపకపోతే వచ్చే కాన్పుకీ ఇదే భయం" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఇప్పుడు అక్కకు మళ్ళీ ఐదో నెల. ఆ సీసం ఎక్కణ్నుంచి వస్తోందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నాకు మాత్రం తెలుసు అనుకున్నాను. మా ఊరు కొల్లేటి గట్టు మీద ఉంది. అక్కను ఆ ఊళ్ళోనే మేనత్త కొడుకుకు ఇచ్చారు. బావ చేపలకు వెళ్తాడు, అక్కా అమ్మా వలలు అల్లి కైకలూరు షాపుకు ఇస్తారు. ఊరి పక్కగా ఒక మురుగు కాలువ వచ్చి కొల్లేటిలో కలుస్తుంది, ఇంటి వాడకానికి మాకు ఆ నీళ్ళే. పైన ఎక్కడో రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఆ కాలువ ఒకరోజు ఊదాగా పారుతుంది, ఒకరోజు తుప్పు రంగులో పారుతుంది. ఇంకేం రుజువు కావాలి? నేను ఏలూరులో ఒక జిరాక్స్ షాపులో పని చేస్తాను. డిగ్రీ మధ్యలో ఆపేశాను గానీ, షాపుకు అచ్చుకొచ్చిన ప్రతి కరపత్రమూ ఆసాంతం చదివాను, నా చదువంతా అదే. "కొల్లేటి తల్లుల కడుపులో ఎవరి సీసం?" అని నేనే రాసి, నేనే కంపోజ్ చేసి, రెండు కట్టలు అచ్చు వేశాను. ఆదివారం కైకలూరులో మీటింగు. ఒక్క సైన్సు రుజువు తోడైతే ఆ ఫ్యాక్టరీ గేటుకు తాళం పడినట్టే అని నా లెక్క.

రుజువు ఎక్కడ దొరుకుతుందో కూడా ఒక కరపత్రమే చెప్పింది. పన్ను చెట్టు మానులాగా పొర మీద పొరగా పెరుగుతుందట. ఆ పొర పెరిగే వేళ రక్తంలో ఏముంటే అది అందులో ఉండిపోతుందట. లేజరుతో గీకి, ఏ పొరలో ఏ మూలకం ఎంత ఉందో రంగుల పటంలా గీయవచ్చట. కనబడిన ప్రతి చిరునామాకూ మెయిల్ పెట్టాను. తాడేపల్లిగూడెం ఊరి బయట ఉన్న ఒక పరిశోధనశాల నుంచి ఒక మేడమ్ మాత్రం జవాబిచ్చారు. పన్నుతో పాటు మీకు అనుమానమున్నవి ఏవైనా తెమ్మన్నారు. నేను పన్నూ, కాలువ మట్టీ తీసుకెళ్ళి గేటు దగ్గరే ఇచ్చి వచ్చాను. పన్నును నిలువుగా కోసి, రెసిన్‌లో బిగించి, అద్దంలా నునుపు చేయడానికి ఓ రెండు వారాలు పడుతుందన్నారు. చివరికి ఫోన్ వచ్చింది: "బుధవారం మెషీన్ ఎక్కిస్తున్నాం. చూడాలనుంటే రండి."

ఏలూరు నుంచి గూడెం వెళ్ళడానికి బస్సూ ఉంది, హైవే మీద గుండుగొలను, భీమడోలు మీదుగా పోతుంది. కానీ పొద్దున్నే దొరికే ప్యాసింజరు రైలే మేలు. టికెట్టు ఒక ప్లేటు ఇడ్లీ కంటే చవక, గంటకు కాస్త అటూ ఇటూగా దింపేస్తుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఆ వైపు పొలాలు దాటి, కొబ్బరి చెట్లు దాటి, ఎక్కడో కొల్లేరు ఉందని తెలుస్తూ ఉంటుంది, కనబడదు. నేను ఒళ్ళో కరపత్రాల కట్ట పెట్టుకుని, ఆదివారం మీటింగులో ఏం మాట్లాడాలో లోలోపల దిద్దుకుంటూ కూర్చున్నాను. పుళ్ళ దాటేసరికి నా ఉపన్యాసంలో ఫ్యాక్టరీ యజమాని జైల్లో ఉన్నాడు.

గూడెం స్టేషను బయట ఒక తోపుడుబండి మీద ఒకావిడ పెసరట్లు వేస్తోంది. తినకుండా వెళ్ళకండి, అల్లం చట్నీ ఘాటుకు కళ్ళు తెరుచుకుంటాయి. నేను తింటూ ఆమెకు ఒక కరపత్రం ఇచ్చాను. ఆమె చెయ్యి తుడుచుకుని, కాగితాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"కాయితం గట్టిగా ఉందండి. పునుగులు చుట్టడానికి బావుంటాది. ఇంకో పది ఇద్దురూ."

"ఇది చదవడానికండీ. కొల్లేటిలో విషం కలుస్తోంది."

"ఆయ్, చదివాకే చుడతానండి. మీ విషం మాటేమో గానీ ఆ ఉల్లిచట్నీ వదిలేశారు, అదీ తినండి."

పది ఇవ్వలేదు. ఐదు ఇచ్చాను.

అక్కణ్నుంచి ల్యాబుకు ఆటో. షేరు ఆటోలు హైవే మలుపు దాకే వస్తాయి, లోపలికి మాట్లాడుకోవాలి. వందన్నాడు, ఎనభైకి వచ్చాడు. ఉల్లిపాయల మార్కెట్టు దాటుతూ డ్రైవరు అద్దంలోంచి అడిగాడు.

"ఎవరికండి బాగోలేదు?"

"ఎవరికీ కాదు. ఒక పన్నును చూడ్డానికి వెళ్తున్నాను."

"పన్నుకైతే ఊళ్ళో మంచి డాక్టరు ఉన్నారండి. అక్కడ మనుషుల్ని చూడరు, రాళ్ళూ మట్టీ చూస్తారు."

"ఊడిన పన్నండీ."

అతను "ఊడినాక ఇంకేం చూస్తారండి" అని నవ్వాడు. నాకు కోపం వచ్చింది గానీ, నిజానికి నాక్కూడా తెలియదు.

లేజరు అంటే ఎర్రటి కిరణం, ఉరుము లాంటి చప్పుడు ఉంటాయనుకున్నాను. అక్కడ ఫ్రిజ్ అంత పెట్టె ఒకటి, బీరువా అంత పెట్టె ఒకటి, రెంటినీ కలుపుతూ చిటికెన వేలు కంటే సన్నటి గొట్టం. గోడకు గొలుసులతో కట్టేసిన గ్యాసు సిలిండర్లు. ఎక్కడో మోటారు హోరు. మేడమ్ నలభై దాటిన మనిషి, నన్ను చూడగానే మొదట అన్న మాట: "చెప్పులు అక్కడే వదిలేయండి. మీ కాళ్ళ దుమ్ములో ఉన్న సీసం కూడా మా లెక్కలోకి వచ్చేస్తుంది." కూర్చోమని చూపించిన కుర్చీకి మూడే కాళ్ళున్నాయి, నాలుగో కాలి చోట ఇటుకలు పేర్చారు.

తెర మీద అక్క పన్ను కొండంత కనబడింది. దాని మీద వెంట్రుక కంటే సన్నటి చుక్క ఒకటి గీతలా నడుస్తోంది, ఒక గీత అయ్యాక దాని కింద ఇంకో గీత, పొలం దున్నినట్టు. మేడమ్ ఓపిగ్గానే చెప్పారు. లేజరు తగిలిన చోట పన్ను కంటికి కనబడనంత పొడిగా లేస్తుంది. ఆ పొడిని హీలియం వాయువు గొట్టంలోంచి రెండో పెట్టెలోకి మోసుకుపోతుంది. అక్కడ సూర్యుడి పైభాగం కంటే వేడిగా ఉండే ప్లాస్మా మంట ఉంది. అందులో పడ్డది ఏదైనా పరమాణువులుగా విడిపోయి విద్యుదావేశం ఎక్కుతుంది. "ఆ తర్వాత బరువును బట్టి వేరు చేసి లెక్కపెట్టడమే. మీ చేపల షెడ్డుల్లో సైజుల వారీగా ఏరతారు కదా, అలాగే. కాల్షియం ఒక పక్క, సీసం ఒక పక్క. ఏ చోటి పొడిలో ఎన్ని దొరికాయో అదే చోట రంగు వేస్తే పటం."

పటం మొత్తం రావడానికి దాదాపు మధ్యాహ్నం అయింది. మొదట కాల్షియం పటం వచ్చింది, పన్నంతా ఒకే వెలుగు. తర్వాత సీసం పటం తెరిచారు. నీలం అంటే ఏమీ లేనట్టు, పసుపు అంటే ఉన్నట్టు, ఎరుపు అంటే బాగా ఉన్నట్టు. నేను లేచి నిలబడ్డాను. పన్నులో పైభాగమంతా నీలం. కింద, వేరు సగం దాటాక, కత్తితో గీసినట్టు పసుపు గీత. ఆ గీత నుంచి వేరు కొన దాకా, లోపల నరం గది అంచు వెంబడి ఎరుపు.

"కాలువ నీళ్ళు మీ ఊళ్ళో ఎప్పట్నుంచి వాడుతున్నారు?" అన్నారు మేడమ్.

"పుట్టినప్పట్నుంచీ అండి."

"ఫ్యాక్టరీ?"

"మేం పుట్టకముందు నుంచే ఉంది."

"ఈ పన్ను పైభాగం మూడేళ్ళ వయసు దగ్గర తయారవడం మొదలవుతుంది. నీళ్ళే కారణమైతే ఇక్కణ్నుంచే పసుపు ఉండాలి. లేదు. పన్నెండు, పదమూడేళ్ళ దగ్గర మొదలైంది. అదీ మెల్లగా కాదు, ఒక్కసారిగా."

నేను ఒప్పుకోలేదు. "మెషీన్ తప్పయి ఉంటుందండి."

"అందుకే రెండోసారి కూడా గీయించాను, అదే వచ్చింది." ఆమె ఇంకో పటం తెరిచారు. పంటి నమిలే భాగం, పింగాణీలాంటి పై పొరలో సన్నటి పగుళ్ళు. ఆ పగుళ్ళ నిండా ఎరుపు. "ఇది సీసం. పక్కది ఆంటిమొనీ. రెండూ ఒకే పగుల్లో, ఒకే ఆకారంలో ఉన్నాయి. మీ మట్టిలో సీసం కొద్దిగా ఉంది, క్రోమియం బాగా ఉంది. ఆ సంగతి మీరు అడగాల్సిందే, కాగితం రాసిస్తాను. కానీ ఆ మట్టిలో ఆంటిమొనీ దాదాపు లేదు. సీసాన్ని గట్టిపరచడానికి ఆంటిమొనీ కలుపుతారు, పాత బ్యాటరీ పలకల్లో ఉండేది అదే. పగుళ్ళలోది నీళ్ళతో వచ్చినట్టు లేదు. లోహం నేరుగా రాసుకుంది. మీ అక్క ఏదైనా లోహం కొరుకుతుందా?"

"మా అక్క మనిషండీ. ఎలకేం కాదు, కొరకడానికి."

"అడుగుతున్నాను, అంతే."

అప్పుడు నోటికొచ్చింది అనేశాను. "ఫ్యాక్టరీ వాళ్ళు మీ ల్యాబుక్కూడా ఫండ్సు ఇస్తారాండీ?"

మేడమ్ నా కుర్చీ కింద ఇటుకల వైపు చూశారు. "ఇచ్చుంటే దానికి నాలుగో కాలు ఉండేది." ఆ తర్వాత నవ్వలేదు. "నాతో పోట్లాడి లాభం లేదు బాబూ. మీ అక్కకు ఐదో నెలన్నారు. ఇంటికెళ్ళి ఆమె నోట్లో ఏం పెట్టుకుంటుందో చూడండి. ఇవాళే చూడండి." పటాలను నా ఫోనుకు పంపారు. కరపత్రాల కట్ట పట్టుకుని బయటికొచ్చాను. ఒక్కటి కూడా ఆమెకు ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

ఏలూరుకు తిరిగి వెళ్ళలేదు. గూడెం నుంచి నేరుగా కొల్లేటి వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు భీమవరం బస్సెక్కి, అక్కడ కైకలూరు బస్సుకు మారితే సరి. ఏలూరు చుట్టూ తిరగనక్కర్లేదు. మధ్యాహ్నం ఎక్కితే పొద్దు ఉండగానే చేరతారు. ఆ బస్సులో నేను చూసిందేమీ గుర్తులేదు. బ్యాటరీ, బ్యాటరీ అని తల తిరిగింది. మా ఇంట్లో ఇన్వర్టరు లేదు. బావ పడవ ఇంజనుకు బ్యాటరీ లేదు. ఉండబట్టలేక అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, చిన్నప్పుడు నువ్వు బ్యాటరీలేమైనా నోట్లో పెట్టుకునేదానివా?"

"టార్చిలైటువా?" అంది. నోట్లో ఏదో ఉన్నట్టు మాట ముద్దముద్దగా వచ్చింది. "గూడెం వెళ్ళి అడిగొచ్చిన ప్రశ్న ఇదేనా?"

"ఏం తింటున్నావు?"

"తినట్లేదురా, పనిలో ఉన్నా. ఫోన్ పెట్టు."

పెట్టేశాను. అంత దగ్గరగా చెవిలో పడ్డా నాకు అర్థం కాలేదు.

కైకలూరులో దిగితే మేత బస్తాల వాసన, ఐసు దంచే చప్పుడు. మా ఊరి షేరు ఆటోలో మనుషుల కంటే ఐసు పెట్టెలే ఎక్కువ ఎక్కుతాయి. పాదాలు తడవకుండా ఉండాలంటే ముందు సీటు అడగండి. దారికి రెండు పక్కలా చెరువులు, నీళ్ళను చిలికే చక్రాలు, గట్ల మీద కొంగలు. కొల్లేరు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఈ దారిలో ఫోటోలు తీసుకుంటారు. ఎండ ఏటవాలుగా పడే ఆ వేళకి నిజంగానే బావుంటుంది.

అక్క అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో విసురు వల, పొట్ట మీదుగా జారుతోంది. పక్కన ముంతలో, వల నీళ్ళలో మునగడానికి కట్టే సీసం గుండ్లు. నన్ను చూసి కళ్ళతోనే పలకరించింది. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. నాలుకతో ఒక గుండును పెదాల మధ్యకు తోసి, దాని చీలికలోకి వల అంచు తాడు దూర్చి, దవడ కింద పెట్టి కటుక్కుమని నొక్కింది. తాడుకు గుండు బిగిసింది. ఇంకోటి తోసింది.

పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను ఆ పని. ఆ చప్పుడు వింటూ నిద్రపోయాను. మా అమ్మ, మా అత్త, వీధిలో ప్రతి ఆడమనిషీ వడ్రంగి మేకులు పెట్టుకున్నట్టు గుండ్లు బుగ్గలో పెట్టుకుని వలకు బిగిస్తారు. ఆ గుండ్లు కైకలూరులో పాత బ్యాటరీ పలకలు కరిగించి పోసినవి. అది కూడా నాకు తెలుసు. తెలిసినవి రెండూ ఏనాడూ నా బుర్రలో కలుసుకోలేదు. అరుగు అంచున కూర్చున్నాను.

"అక్కా, ఉమ్మెయ్."

"ఏంటి?"

"ముందు ఉమ్మెయ్."

నా ముఖం చూసి ఎగతాళి చేయబోయి ఆగింది. అరచేతిలోకి ఉమ్మింది. ఆరు గుండ్లు, తడిగా, వెండిలా మెరుస్తూ.

చెప్పాను. వాకిట్లో నిలబడిన అమ్మకు మాట రుచించలేదు. "నోటితో కాకపోతే దేంతో బిగిస్తార్రా? పటకారుతో నొక్కితే తాడు తెగుద్ది. ఎంత నొక్కాలో పంటికే తెలుసుద్ది. మీ నాయనమ్మా ఇట్టాగే బిగించింది."

"నాయనమ్మకు ఎంతమంది పుట్టి పోయారమ్మా?" అన్నాను. అనకూడని మాటే.

అక్క ఫోను అడిగింది. పటం చూపించాను. నీలం, పసుపు, ఎరుపు. కాసేపు చూసి, ఆ పసుపు గీత మొదలయ్యే చోట వేలు పెట్టింది.

"ఇది ఎన్నేళ్ళప్పుడంట?"

"పన్నెండు, పదమూడు అన్నారు."

"ఏడో తరగతి," అంది అక్క. "పెద్దదాన్నయ్యానని బడి మాన్పించిన ఏడు. ఖాళీగా కూర్చుంటే ఏం బావుంటాదని అమ్మ వల తెచ్చి ఒళ్ళో పెట్టింది." గొంతులో కోపం లేదు, దారి చెప్పినట్టు చెప్పింది. నేను ఆ ఏడు ఐదో తరగతిలో ఉన్నాను. నన్ను ఎవరూ బడి మాన్పించలేదు.

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. లోపల నీళ్ళు పుక్కిలించి ఉమ్మిన చప్పుడు వినబడింది. మళ్ళీ మళ్ళీ వినబడింది. అప్పటిదాకా ఆమె బుగ్గలోనూ గుండ్లు ఉన్నాయని నేను గమనించనే లేదు.

"మరి బిడ్డకి?" అంది అక్క, నా వైపు చూడకుండా.

"ఇప్పుడైనా ఆపితే మేలే. రేపే ఏలూరు వెళ్ళి డాక్టరమ్మకు ఈ పటం చూపిద్దాం. మళ్ళీ రక్తం తీస్తారు." అంతకంటే ఎక్కువ నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పలేదు.

అమ్మ బయటికొచ్చింది. చేతిలో బావ ఇంజను పెట్టెలోని కటింగ్ ప్లయర్. అక్క ఒళ్ళోంచి వల లాక్కుని, కింద కూర్చుని, ఒక గుండు తొడిగి నొక్కింది. తాడు తెగింది. ముడేసి ఇంకోటి నొక్కింది. అదీ తెగింది. ప్లయర్ మూతికి గుడ్డ పేలిక చుట్టి, ఊపిరి బిగబట్టి మూడోది నొక్కింది. లాగి చూసింది. నిలిచింది. "ఇట్టాగైతే వారం పట్టుద్ది ఈ వల," అని గొణిగి, నాలుగో గుండు అందుకుంది.

ఆ సాయంత్రం వీధి చివరిదాకా నడిచాను. అరుగు తర్వాత అరుగు, అన్ని చోట్లా వలలు, అన్ని బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి, నన్ను చూసి కళ్ళతోనే నవ్వారు. నా సంచిలో ఫ్యాక్టరీ మీద రెండు కట్టల కోపం ఉంది. కాలువ మంచిదని నేను అనడం లేదు. క్రోమియం సంగతి మేడమ్ రాసిచ్చారు, ఆదివారం మీటింగులో ఆ కాగితం చదువుతాను. కానీ దానికి ముందు ప్లయర్ల గురించి మాట్లాడతాను. శత్రువు దూరంగా ఉంటే నినాదం వస్తుంది. అమ్మ బుగ్గలో ఉంటే ఏ నినాదం ఇవ్వాలో నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. మర్నాడు ఏలూరులో ఇచ్చిన అక్క రక్తం ఫలితం వచ్చే వారం వస్తుంది. ఈ మాటలు రాస్తుంటే అరుగు మీద అమ్మ ప్లయర్ చప్పుడు వినబడుతూనే ఉంది, పంటి చప్పుడు కంటే మొద్దుగా, నెమ్మదిగా.

ఇలాంటి పరీక్షకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పన్ను పీకించుకుంటే కడక్కుండా, ఆరబెట్టి, శుభ్రమైన కాగితంలో చుట్టి, పేరు రాసి పెట్టండి. దాంతో పాటు మీకు ఎవరి మీద కోపమో వాళ్ళ కాలువ మట్టి ఒక్కటే తీసుకెళ్ళకండి. మీ ఇంటి మనిషి రోజూ చేత్తో పట్టుకునేదీ నోట్లో పెట్టుకునేదీ కూడా ఒక్కో ముక్క విడివిడిగా పొట్లం కట్టుకుని వెళ్ళండి. నేను మొన్న అది చేయలేదు. గూడెంలో మేడమ్‌కు ఇవ్వడానికి అక్క కొంగుతో తుడిచిచ్చిన గుండు ఒకటి ఇప్పుడు నా దగ్గర పొట్లంలో ఉంది.